ఈ రేవులో ఆగడం లేదు

ఓడలో మెట్ల కమ్మీల వెంట కాగితం సంచులు గుచ్చిపెడుతున్నారంటే ఆ రాత్రి సముద్రం బాగుండదని అర్థం. ఈ సంగతి నాకు విశాఖపట్నం నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్లే ఓడలో తెలిసింది. పన్నెండేళ్ల కిందటి మాట. నవంబరు నెల. బయల్దేరిన మర్నాడు మధ్యాహ్నం దాకా నీళ్లు నూనె పోసినట్టు ఉన్నాయి. పిల్లలు డెక్ మీద నిలబడి ఎగిరే చేపల్ని లెక్కపెట్టుకుంటున్నారు. సాయంత్రం టీ కోసం క్యాంటీన్‌కి వెళ్తే అక్కడి కుర్రాడు బల్లల మీద గుడ్డలు పరిచి, మగ్గుతో నీళ్లు తెచ్చి చల్లుతున్నాడు. తుడుస్తాడేమో అనుకున్నా. తుడవలేదు. తడిపి అలాగే వదిలేశాడు. ‘‘తడిగుడ్డ మీద పళ్లెం జారదు సార్’’ అన్నాడు. బయటికొచ్చి చూస్తే ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. చెంపకి గాలి తగలడం లేదు. కానీ ఎక్కడో దూరం నుంచి పొడుగాటి కెరటాలు ఒకదానికొకటి బాగా ఎడంగా, తొందరేమీ లేనట్టు వస్తున్నాయి. తుపాను ఇంకా ఎక్కడో ఉంది. దాని కబురు నీళ్లలో ముందే వచ్చేసింది.

రాత్రి ఎనిమిది దాటాక ఓడ ఊగడం మొదలుపెట్టింది. నెమ్మదిగా ఒక పక్కకి ఒరగడం, అక్కడ ఒక్క క్షణం నిలిచిపోవడం, మళ్లీ రెండో పక్కకి రావడం. ఒరిగినప్పటికన్నా ఆ నిలిచిపోయిన క్షణంలోనే గుండె జారేది. పై బెర్తు కొక్కేనికి తగిలించిన తువ్వాలు గోడని విడిచి వచ్చి గాల్లో నిలబడేది, మళ్లీ వెనక్కి వెళ్లి గోడకి అతుక్కునేది. ఎవరిదో స్టీలు గ్లాసు నేల మీద ఈ చివరి నుంచి ఆ చివరికి దొర్లుతూనే ఉంది. దాన్ని వంగి తీసే ఓపిక ఎవరికీ లేదు. నేను బంకు గుంజ రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాను. ఎదురుగా పడుకున్న పెద్దావిడ శ్రీకాకుళం వైపు మనిషి. పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడిన కొడుకు దగ్గరికి వెళ్తోంది. ఆ దారిలో ఆమె ఎన్నిసార్లు తిరిగిందో ఆమెకే లెక్క లేదు.

‘‘ఏటి బాబూ, నిలబడి ఓడతోటి పోట్లాడతావేటి? తొంగో. అది ఎటు ఊగితే నువ్వూ అటే ఊగు’’ అంది.

పడుకున్నాను. ఆమె చెప్పింది నిజమే. కొంత నయంగానే ఉంది.

తెల్లారాక మైకులో కెప్టెన్ గొంతు వినిపించింది. ముందున్న వాతావరణం బాగా లేదు, దారి మార్చి చుట్టూ తిరిగి వెళ్తున్నాం, అనుకున్న దానికన్నా ఒక రోజు ఆలస్యంగా చేరతాం అని. అంతే, ఓడంతా గగ్గోలు. పెళ్లికి వెళ్లేవాళ్లు, సెలవు అయిపోతున్న ఉద్యోగులు, మూడు రోజుల హోటలుకి ముందే డబ్బు కట్టేసిన జంటలు, అందరూ కెప్టెన్ మీద విరుచుకుపడ్డారు. వాళ్లలో నేనూ ఉన్నాను. ఆ కెప్టెన్ చేసిన పని విలువ నాకు చాలా ఏళ్ల తర్వాత, నార్వే తీరంలో 2019లో జరిగిన ఒక సంఘటన వివరాలు చదివినప్పుడు తెలిసింది.

ఇప్పుడు దీని గురించి రాయాల్సిన అవసరం ఉంది. విహార నౌక మనకి ఇప్పుడు సినిమాల్లో మాత్రమే చూసే వస్తువు కాదు. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులని వాళ్లు అలాస్కాకో కరీబియన్ దీవులకో ఓడ మీద తిప్పి తెస్తున్నారు. పదవీ విరమణ చేసిన దంపతులు నార్వే వెళ్లి ఆకాశంలో వెలుగుల్ని చూసి వస్తున్నారు. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థవారి ‘ఎంప్రెస్’ ఓడ చెన్నై నుంచి విశాఖకే వచ్చింది. నైరుతి రుతుపవనాల కాలంలో అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది కాబట్టి ఆ రోజుల్లో విహార నౌకకి తూర్పు తీరమే మేలు. మరుసటి ఏడాది విశాఖలో విహార నౌకల కోసమే టెర్మినల్ తెరిచారు. ఇలా మనవాళ్లు ఎక్కుతున్న ఈ ఓడల్లో, అందరికీ కోపం తెప్పించే ఒక ప్రకటన వినిపిస్తూ ఉంటుంది. ‘వాతావరణం దృష్ట్యా ఈ రేవులో ఆగడం లేదు.’ ఆ మాట చెప్పగలిగిన కెప్టెన్ దొరికితే అది మన అదృష్టమని నా నమ్మకం.

అదురు ఆగిన నిశ్శబ్దం

నార్వే పశ్చిమ తీరంలో ఎక్కువ దూరం ఓడలు దీవుల చాటున నడుస్తాయి. బయట మహాసముద్రం ఎంత పొంగినా లోపల కాలవలాంటి దారిలో నీళ్లు నెమ్మదిగా ఉంటాయి. ఆ చాటు తెగిపోయే చోట్లు కొన్నే. వాటిలో ఒకటి హుస్టాడ్‌వికా. అక్కడ దీవులుండవు, సముద్రం లోతు తక్కువ, అడుగంతా రాళ్లు. అట్లాంటిక్ నుంచి వచ్చే కెరటం లోతు తగ్గేకొద్దీ నిటారుగా లేచి విరుగుతుంది. దీని సంగతి మన మత్స్యకారులకి ఎవరూ చెప్పనక్కర్లేదు. నడిసముద్రంలో తెప్పకున్న క్షేమం ఒడ్డు దగ్గర కెరటం విరిగే చోట ఉండదని ఉప్పాడలో అడిగినా, భీమిలిలో అడిగినా అదే చెబుతారు. ఈ హుస్టాడ్‌వికా పక్కనే దీవుల మీదుగా వంతెనలతో వేసిన అట్లాంటిక్ రోడ్డు ఉంది. గాలివాన రోజుల్లో కెరటాలు చూడటానికే జనం కార్లేసుకుని అక్కడికి వెళ్తారు.

2019 మార్చి 23, శనివారం. ‘వైకింగ్ స్కై’ అనే విహార నౌక ఆ నీళ్లలోకి వచ్చింది. అప్పటికి రెండేళ్ల ముందు కట్టిన కొత్త ఓడ. 228 మీటర్ల పొడవు. 915 మంది ప్రయాణికులు, 458 మంది సిబ్బంది. ప్రయాణికుల్లో ఎక్కువమంది అమెరికా, బ్రిటన్‌లకి చెందిన పెద్ద వయసువాళ్లు. ఉత్తరధ్రువ వెలుగులు చూసి వెనక్కి వస్తున్నారు. ట్రోమ్‌సో దాటాక బోడో అనే ఊళ్లో ఆగాల్సి ఉండగా వాతావరణం బాగా లేక దాన్ని వదిలేశారు. అక్కడి వరకూ సరైన నిర్ణయమే. అయితే ఓడ ఆగలేదు. తర్వాతి రేవు స్టావాంగర్ వైపు సాగిపోయింది. ఆ రోజు నార్వే తీరం వెంట రోజూ తిరిగే ప్రయాణిక నౌకలు కొన్ని హుస్టాడ్‌వికా దాటకుండా రేవుల్లోనే ఉండిపోయాయి. ఆ దారి తెలిసినవాళ్లు ఆగారన్న మాట.

గాలి బ్యూఫోర్ట్ కొలతలో 9 నుంచి 10. అంటే గంటకి 75 నుంచి 102 కిలోమీటర్లు. మన వాతావరణ శాఖ లెక్కలో చెప్పాలంటే తుపానుకీ తీవ్ర తుపానుకీ మధ్య. కెరటాల ఎత్తు 9, 10 మీటర్లు. ఇక్కడ ఒక విషయం విడమరిచి చెప్పాలి. వాతావరణ ప్రకటనల్లో వచ్చే కెరటం ఎత్తు ఒక్క కెరటానిది కాదు. వచ్చిన కెరటాల్లో పెద్దవైన మూడో వంతుని తీసుకుని, వాటి సగటు ఎత్తు చెబుతారు. కాబట్టి పది మీటర్లన్నారంటే మధ్యమధ్య దానికి రెట్టింపు ఎత్తు కెరటం కూడా రావచ్చు. పది మీటర్లంటే మూడంతస్తుల ఇల్లు.

మధ్యాహ్నం రెండు కాబోతుండగా ఓడలో దీపాలు ఆరిపోయాయి. ఇంజిన్లు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. ఓడలో ప్రయాణం చేసినవాళ్లకి తెలుసు, రాత్రింబవళ్లు పాదాల కింద సన్నగా ఒక అదురు ఉంటుంది. రెండో రోజుకి అది ఉందన్న సంగతే మరిచిపోతాం. అది ఆగిపోయినప్పుడు మాత్రం నిద్రలో ఉన్నా మెలకువ వస్తుంది. ఆ అదురు ఆగిపోయింది. ఓడ గాలికి అడ్డం తిరిగింది. సరిగ్గా రెండింటికి కెప్టెన్ ‘మేడే’ అనే ఆపద పిలుపు పంపాడు. రెండు లంగర్లూ వేశారు. రాతి నేలలో అవి నిలవలేదు. గాలి ఓడని ఒడ్డువైపు, రాళ్లవైపు నెట్టుకుంటూ పోయింది.

లోపల ప్రయాణికులు ఫోన్లలో తీసిన దృశ్యాలు అప్పట్లో లోకమంతా చూసింది. విశాలమైన హాల్లో సోఫాలు, కుర్చీలు, మొక్కల కుండీలు అన్నీ కలిసి ఒక పక్కకి జారిపోవడం, ఒక్క క్షణం ఆగి మళ్లీ ఇటు రావడం, పైకప్పు పలకలు ఊడి జనం మీద పడటం. ప్రాణరక్షణ జాకెట్లు వేసుకుని ఒక దగ్గర చేరమంటే చేరారు. ఆ చేరిన చోటే సముద్రం తోసిన దెబ్బకి నీళ్లు లోపలికి దూసుకొచ్చి కుర్చీల్లో కూర్చున్న వృద్ధుల్ని నేల మీద ఈడ్చేశాయి. లైఫ్‌బోట్లు దించే ప్రశ్నే లేదు. అంత కెరటాల్లో బోటు దించడమంటే అందులో ఎక్కినవాళ్లని ఓడ పక్కకేసి కొట్టడమే. సాయానికి బయల్దేరిన పడవలు కూడా సముద్రాన్ని తట్టుకోలేక వెనుదిరిగాయి.

ఇక మిగిలింది ఆకాశమే. హెలికాప్టర్లు వచ్చాయి. గాలిలో ఊగుతున్న తాడుకి ఒక్కొక్కరిని కట్టి, ఊగుతున్న డెక్ మీద నుంచి పైకి లాగారు. డెబ్బై, ఎనభై ఏళ్లవాళ్లు. రాత్రంతా, మర్నాడు ఉదయం దాకా 479 మందిని అలా తీశారు. మధ్యలో ఇంకో కష్టం. అక్కడికి దగ్గర్లోనే ‘హాగ్‌లాండ్ కాప్టెయిన్’ అనే సరుకుల ఓడ ఇంజిను కూడా ఆగిపోయింది. రెండు హెలికాప్టర్లు అటు మళ్లి, దాని సిబ్బంది తొమ్మిది మందినీ కాపాడాయి.

ఓడ రాళ్లకి కొట్టుకోకుండా ఎలా మిగిలింది? ఇంజిన్ గదిలో ఉన్నవాళ్ల వల్ల. 39 నిమిషాల్లో వాళ్లు ఓడని కొద్దిగానైనా కదిలించేంత శక్తి రాబట్టారు. నార్వే ప్రమాద దర్యాప్తు సంస్థ 2024 మార్చిలో ఇచ్చిన తుది నివేదిక ప్రకారం, అప్పటికి ఓడకీ రాళ్లకీ మధ్య మిగిలిన దూరం ఆ ఓడ పొడవంత కూడా లేదు. పదమూడు వందల డెబ్బై మూడు మంది ప్రాణాలకి, మార్చి నెల నార్వే సముద్రపు చలినీళ్లకి మధ్య ఉన్నది ఆ కాస్త దూరం.

నూనె తగ్గిన బిందె

ఇంజిన్లు ఎందుకు ఆగాయి? నన్ను ఎక్కువ కలచివేసింది ఈ జవాబే. తుపాను వాటిని పగలగొట్టలేదు. వాటిలో నూనె తక్కువైంది.

ప్రతి పెద్ద ఇంజిన్ అడుగునా కందెన నూనె నిండిన తొట్టె ఉంటుంది. పంపు ఆ నూనెని పీల్చి ఇంజిన్ భాగాలన్నిటికీ పంపుతుంది. ఆ తొట్టెల్లో నూనె మూడింట రెండు వంతుల పైన, అంటే 68 నుంచి 75 శాతం దాకా ఉండాలని ఇంజిన్ తయారు చేసినవాళ్లు చెప్పారు. ఆ రోజు ఉన్నది 28 నుంచి 40 శాతం. సముద్రం నిమ్మళంగా ఉంటే ఆ కాస్తా సరిపోయేది. నిండుబిందెని ఒంచినా అడుగు తేలదు. అడుగున నాలుగు గ్లాసుల నీళ్లున్న బిందెని అటూ ఇటూ ఊపితే సగం సేపు అడుగు పొడిగానే ఉంటుంది. ఓడ ఒరిగినప్పుడల్లా నూనె ఒక పక్కకి పోయి, పంపు గాలి పీల్చింది. నూనె ఒత్తిడి పడిపోయింది. ఒత్తిడి పడిపోతే ఇంజిన్ తనని తాను కాపాడుకోవడానికి ఆగిపోయేలా ఏర్పాటు ఉంది. అది తన పని తాను చేసింది.

ఇంకొక సంగతి. ఓడకి నాలుగు డీజిల్ జనరేటర్లు. వాటిలో ఒకటి ట్రోమ్‌సోలో బయల్దేరేనాటికే పాడై ఉంది. 2010 జులై తర్వాత కట్టిన పెద్ద ప్రయాణిక నౌకలకి ఒక అంతర్జాతీయ నియమం వర్తిస్తుంది. ఒక చోట అగ్నిప్రమాదమో నీళ్లు చొరబడటమో జరిగినా, మిగిలిన యంత్రాలతో క్షేమంగా రేవు చేరగలగాలి. అందుకే యంత్రాలని రెండు విడి గదుల్లో పెడతారు. నాలుగిట్లో ఒకటి లేకుండా, అటువంటి వాతావరణ సూచనతో ఆ ఓడ ట్రోమ్‌సో వదలకుండా ఉండాల్సిందని దర్యాప్తు తేల్చింది.

అంటే తప్పు హుస్టాడ్‌వికాలో జరగలేదు. రెండు రోజుల ముందు, నీళ్లు నిమ్మళంగా ఉన్న రేవులో జరిగింది. ‘మరమ్మతు అయ్యేదాకా ఇక్కడే ఉంటాం’ అనాల్సిన చోట ఆ మాట ఎవరూ అనలేదు. అనుంటే ఏమయ్యేది? తొమ్మిది వందల మంది విసుక్కునేవారు. విమానం టికెట్లు మార్చుకోవాల్సి వచ్చేది. ఆ విసుగునీ, హెలికాప్టర్ తాడుకి వేలాడిన ఆ రాత్రినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆలస్యం ఎంత చవకో తెలుస్తుంది.

తప్పుకోవడానికే కట్టిన ఓడ

విహార నౌక పద్దెనిమిది అంతస్తుల ఎత్తున రేవులో నిలబడితే దాన్నేదీ కదిలించలేదనిపిస్తుంది. కానీ అది పై రూపమే. ఒకప్పుడు ఇంగ్లండ్ నుంచి న్యూయార్క్‌కి వారం వారం తిరిగిన ఓడలు వేరు. వాటి పని తపాలానీ మనుషుల్నీ చెప్పిన రోజుకి చేర్చడం. వాతావరణం ఎలా ఉన్నా పోవాలి. అందుకని పొడుగాటి కత్తిలాంటి ముక్కుతో, నీళ్లలోకి బాగా దిగే అడుగుతో కట్టేవారు. 1995 సెప్టెంబరులో ‘క్వీన్ ఎలిజబెత్ 2’ అట్లాంటిక్‌లో లూయిస్ అనే హరికేన్‌కి చిక్కింది. సుమారు 29 మీటర్ల కెరటం దాని మీద విరిగింది. కెప్టెన్ నిలబడే వంతెన ఎత్తుకి సమానంగా లేచిందది. ఓడ తట్టుకుంది.

ఇప్పటి విహార నౌక అలాంటిది కాదు. చిన్న దీవుల రేవుల్లోకి కూడా దూరాలి కాబట్టి అడుగు తక్కువ లోతు. బాల్కనీ గదులు ఎక్కువ కావాలి కాబట్టి పైన పెట్టెలా ఎత్తు. మునిగిపోయేంత బలహీనం కాదు, నియమాల ప్రకారం గట్టిగానే కడతారు. కానీ దాని రూపం వెనక ఒక నమ్మకం ఉంది. కెప్టెన్ తుపానుకి ఎదురు వెళ్లడు, తప్పుకుంటాడు అన్న నమ్మకం.

ఓడ ఊగకుండా చేసే రెక్కల గురించి చాలామంది విని ఉంటారు. నీటిమట్టం కింద ఓడకి రెండు వైపులా చేపరెక్కల్లా బయటికి వస్తాయి. ఓడ ఎటు ఒరుగుతోందో పసిగట్టి, రెక్క వాలు మార్చుకుంటూ ఆ ఒరుగుని తగ్గిస్తాయి. మామూలు సముద్రంలో అద్భుతంగా పనిచేస్తాయి. కానీ ఓడ ముందుకి పోతుంటేనే వాటికి పట్టు. ఓడ ఆగితే అవి ఉన్నా లేనట్టే. 2023 నవంబరులో బిస్కే అఖాతంలో ‘స్పిరిట్ ఆఫ్ డిస్కవరీ’ అనే ఓడకి జరిగింది అదే. గాలివానలో ఇంజిన్ల రక్షణ వ్యవస్థ తనంతట తాను పనిచేసి ఓడ ఒక్కసారిగా ఆగిపోయింది. సుమారు వెయ్యి మంది ప్రయాణికుల్లో వంద మందికి గాయాలు.

ఇంకొక ప్రశ్న నన్ను చాలాకాలం వేధించింది. మన బంగాళాఖాతం తుపాన్లు, కరీబియన్ హరికేన్లు ఎంత భీకరమైనవి! అయినా విహార నౌకలు చిక్కుకున్న పెద్ద సంఘటనల్లో చాలా మటుకు ఉత్తర అట్లాంటిక్ చలికాలపు గాలివానల్లోనే జరిగాయేం? కారణం వేగంలో ఉంది. తుపాను లోపల గాలి గంటకి రెండు వందల కిలోమీటర్లు వీచినా, తుపాను మొత్తంగా నడిచేది చాలాసార్లు గంటకి పదిహేను, ఇరవై కిలోమీటర్లే. విహార నౌక గంటకి 37 కిలోమీటర్లు పోగలదు. రెండు రోజుల ముందు హెచ్చరిక అందితే పక్కకి తప్పుకోవడం కష్టం కాదు. తీర జిల్లాలవాళ్లకి తెలిసిన లెక్కే నావికులకీ ఉంది. తుపాను నడిచే దిక్కుకి కుడివైపున గాలి ఎక్కువ, ఎడమవైపున తక్కువ. తీరం దాటే చోటుకి కుడివైపు ఊళ్లలో ఉప్పెన పోటెత్తేది అందుకే. ఓడ ఎడమవైపుకి తప్పుకుంటుంది. చలికాలపు గాలివాన అలా కాదు. వెయ్యి కిలోమీటర్లకి పైగా పరుచుకుని, ఓడకన్నా వేగంగా పరిగెడుతుంది. ఒక్కోసారి ఇరవై నాలుగు గంటల్లోనే బలం పుంజుకుంటుంది. దాన్ని దాటిపోవడం ఓడ వల్ల కాదు. దానికి రేవులో ఆగిపోవడమే మందు.

2016 ఫిబ్రవరిలో న్యూజెర్సీ నుంచి ఫ్లోరిడా వైపు బయల్దేరిన ‘ఆంథెమ్ ఆఫ్ ద సీస్’ కథ కూడా అదే. అప్పటికి లోకంలోని అతి పెద్ద విహార నౌకల్లో ఒకటి. ప్రయాణికులే నాలుగున్నర వేల మంది. హరికేన్ స్థాయి గాలులు రావచ్చని అమెరికా వాతావరణ సంస్థ ముందే చెప్పింది. ఓడ బయల్దేరింది. మర్నాడు హాటెరస్ అగ్రానికి దగ్గర్లో గాలివాన దాన్ని పట్టుకుంది. గంటల తరబడి ఎవరూ గది దాటి బయటికి రావద్దన్నారు. ఓడని నడిపే యంత్రాల్లో ఒకటి దెబ్బతింది. చివరికి యాత్ర మానుకుని వెనక్కి తిరిగి, నాలుగు రోజులకి బయల్దేరిన రేవుకే చేరింది. సంస్థ క్షమాపణ చెప్పి డబ్బు తిరిగిచ్చింది. ఒక్క రోజు ఆలస్యంగా బయల్దేరి ఉంటే ఆ డబ్బూ మిగిలేది, ఆ భయమూ తప్పేది.

విశాఖ ఒడ్డున లంగరు నిలవని రోజు

ఇదంతా దూరపు సముద్రాల ముచ్చట అనుకునేవాళ్లకి విశాఖ తెన్నేటి పార్కు కింద ఒడ్డుకొచ్చిన ఓడ గుర్తుండే ఉంటుంది. ‘మా’ అనే బంగ్లాదేశ్ సరుకుల ఓడ. 2020 అక్టోబరు 13 వేకువన, విశాఖ రేవు బయట లంగరు వేసుకుని ఉన్న ఆ ఓడని గాలి పట్టుకుంది. లంగరు నిలవలేదు. ఓడ కొట్టుకొచ్చి రాళ్ల మీద కూర్చుంది. సిబ్బంది పదిహేను మందీ క్షేమం. ఆ రోజు కాకినాడ దగ్గర తీరం దాటింది తుపాను కూడా కాదు, తీవ్ర వాయుగుండం. తుపాను పేరు పెట్టించుకోవడానికి చాలని గాలి. పొద్దున్నే నడకకి వెళ్లినవాళ్లకి రోడ్డు మలుపు తిరగ్గానే కళ్లెదురుగా ఇనుప గోడలా ఓడ. నగరమంతా పిల్లల్ని తీసుకుని వెళ్లి దాని ముందు ఫొటోలు తీయించుకుంది. నేనూ వెళ్లాను. దాని ముందు భాగంలో గొలుసు దిగే కంత దగ్గర తుప్పు నీళ్లు కారిన చార చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. హుస్టాడ్‌వికాలో నిలవని లంగర్లే గుర్తొచ్చాయి.

తుపాను వస్తోందంటే రేవులో కట్టేసి ఉన్న ఓడే క్షేమమని మనం అనుకుంటాం. పెద్ద తుపానుకి రేవు అధికారులు చేసేది దానికి సరిగ్గా వ్యతిరేకం. గోడకి కట్టి ఉన్న ఓడల్ని సముద్రంలోకి పొమ్మంటారు. కట్టి ఉంటే కెరటం దాన్ని గోడకేసి కొడుతూనే ఉంటుంది. నడిసముద్రంలో ఇంజిన్ పనిచేస్తున్న ఓడ ముక్కు కెరటానికి ఎదురు పెట్టి నిలదొక్కుకోగలదు. అన్నీ ఆ ‘ఇంజిన్ పనిచేస్తున్న’ అన్న మాట మీదే ఆధారపడి ఉన్నాయి. రేడియోలో చిన్నప్పటి నుంచి వింటున్న ‘మూడో నంబరు ప్రమాద సూచిక’ కూడా ఓడల కోసం పుట్టిందే. ఒకటీ రెండూ దూరపు సముద్రం గురించి, బయల్దేరబోయే ఓడకి చెప్పేవి. ఎనిమిది నుంచి పది మహా ప్రమాదం. పదకొండు ఎగరేశారంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. పగలు స్తంభం మీద శంకువులు, స్తూపాలు, రాత్రి ఎర్ర, తెల్ల దీపాలు. మన తాతలు ఫోన్లు లేని రోజుల్లో ఆ దీపాలు చూసే పడవలు వెనక్కి లాగేవారు.

ఎక్కబోయేవాళ్లకి

ఓడ ఎక్కొద్దని చెప్పడానికి ఇదంతా రాయలేదు. నాకు ఓడ ప్రయాణమంటే ప్రాణం. సముద్రం మీద రాత్రి చూసినన్ని చుక్కలు ఇంకెక్కడా చూడలేదు. అందుకే కొన్ని సంగతులు.

ఎప్పుడు వెళ్తున్నారో చూసుకోండి. ఉత్తర అట్లాంటిక్, నార్వే వైపు చలికాలంలో టికెట్ చవగ్గా ఉందంటే దానికి సముద్రం కూడా ఒక కారణం. టికెట్‌తో పాటు వచ్చే నిబంధనల్లో, వాతావరణాన్ని బట్టి రేవులు మార్చే హక్కు కెప్టెన్‌కి ఉందని తప్పకుండా రాసి ఉంటుంది. చదవండి. చదివి సంతోషించండి, అది మీ కోసమే. యాత్ర ముగిసిన రోజే విమానం పెట్టుకోకండి. కనీసం ఒక రోజు ఎడం ఉంచండి. మీ తొందర లేకపోతే కెప్టెన్ మీద ఒత్తిడి ఒక మనిషంత తగ్గుతుంది. ప్రయాణ బీమా ముందే తీసుకోండి. తుపానుకి పేరు పెట్టాక కొన్న బీమా ఆ తుపానుకి సాధారణంగా పనికిరాదు.

గది ఓడ మధ్యలో, కింది అంతస్తులో తీసుకుంటే ఊపు తక్కువ. ఉయ్యాల బల్ల చివర కూర్చున్నవాడికీ నడుమ కూర్చున్నవాడికీ ఎంత తేడా ఉంటుందో అంత. కడుపులో తిప్పడం ఎందుకంటే, చెవి లోపలి భాగం కదులుతున్నామని చెబుతుంటే కన్ను గది గోడ చూసి కదలడం లేదని చెబుతుంది. మెదడుకి ఎవరిని నమ్మాలో తెలియదు. బయటికొచ్చి ఆకాశం, నీళ్లు కలిసే గీత చూస్తే కన్నూ చెవీ ఒక మాట మీదికి వస్తాయి. బయటికి రావద్దన్నప్పుడు కళ్లు మూసుకుని పడుకోవడమే మందు. ఆ శ్రీకాకుళం పెద్దమ్మ చెప్పింది అదే. ఘాట్ రోడ్డు ప్రయాణానికి వేసుకునే అవోమిన్‌లాంటి మాత్ర తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే లాభం తక్కువ. గంట, రెండు గంటల ముందే వేసుకోవాలి. బీపీ, షుగరు మాత్రలు వాడే పెద్దవాళ్లు డాక్టర్ని అడిగే వేసుకోవాలి. ఉత్త కడుపుతో ఉండకూడదు. నాలుగు బిస్కెట్లో, కాస్త పెరుగన్నమో చాలు.

అన్నిటికన్నా ముఖ్యం, మొదటి రోజు అందరినీ ఒక దగ్గరికి పిలిచి ప్రాణరక్షణ జాకెట్ ఎలా వేసుకోవాలో చెబుతారు. బఫే దగ్గర వరసలో ఉన్నామని దాన్ని ఎగ్గొట్టకండి. అమ్మానాన్నల్ని దగ్గర కూర్చోబెట్టుకుని, వాళ్ల చేత ఒకసారి వేయించి, తీయించి, మళ్లీ వేయించండి. గాలివాన మొదలయ్యాక హాల్లో నిలబడి వీడియోలు తీయకండి. కుర్చీ జారుతుందని మనకి తెలిసేలోపే అది వచ్చి తగులుతుంది. ఒక చెయ్యి ఎప్పుడూ కమ్మీ మీదే ఉండాలి. మనకోసం ఒక చెయ్యి, ఓడకోసం ఒక చెయ్యి అన్నది పాత నావికుల లెక్క.

వైకింగ్ స్కై మర్నాడు, మార్చి 24 సాయంత్రం, టగ్గుల సాయంతో తన ఇంజిన్ల మీదే మోల్డే రేవు చేరింది. 436 మంది ప్రయాణికులు ఇంకా ఓడలోనే ఉన్నారు. ఎవరి ప్రాణమూ పోలేదు.

మా ఓడ ఒక రోజు ఆలస్యంగా, తెల్లవారుజామున పోర్ట్ బ్లెయిర్ హడ్డో జెట్టీకి చేరింది. దిగాక కూడా నేల కాళ్ల కింద ఊగుతూనే ఉంది. పెద్దావిడ మూట నేను పట్టుకున్నాను. చీరకొంగు నడుముకి దోపుకుని, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగింది. కొడుకు ఎదురొచ్చి, ‘‘ఇంత ఆలస్యమైందేటే అమ్మా, నిన్నటి నుంచీ ఇక్కడే ఉన్నాను’’ అన్నాడు. ఆమె అతనికి జవాబు చెప్పలేదు. నా వైపు తిరిగింది.

‘‘సంక్రాంతికి ఇశాపట్నం ఎల్లాలి బాబూ. ఈ ఓడకి అప్పుడు కూడా ఈ కెప్టెనే ఉంటాడా? లోపల ఎవర్నైనా అడిగి సెప్పు.’’